వాటా అనగా నేమి? మా మదుపు సంఘం తొలి ఏటి పాఠాలు

వరంగల్లులో చిట్టీ కట్టని ఇల్లు అరుదు. మండీబజారు దుకాణదారు మొదలుకొని కొత్తవాడ నేతపనివారి వరకు నెలనెలా కొంత సొమ్ము చిట్టీలో వేయుట, అవసరానికి పాట పాడి ఎత్తుకొనుట, దానితో పెండ్లియో ఇంటి కప్పో ముగించుకొనుట మన పెద్దలకు బాగా తెలిసిన విద్య. బంగారము కొనుట తెలుసును, పోస్టాఫీసులో దాచుట తెలుసును. అయితే కంపెనీ వాటాల ప్రస్తావన వచ్చేసరికి మన ఇండ్లలో రెండే అభిప్రాయాలు వినబడుతవి. అది జూదమని కొందరు, రాత్రికి రాత్రి లక్షాధికారిని చేసే మంత్రమని కొందరు. మొదటి అభిప్రాయము ఎక్కువగా పెద్దలది, రెండవది మా వయస్సువారిది. ఈ రెంటి నడుమ చదువుకొని తెలిసికొనదగిన విషయము చాలా ఉన్నదని గ్రహించి, వాణిజ్యశాస్త్ర విద్యార్థులము కొందరము గత సంవత్సరం ఒక మదుపు సంఘమును ప్రారంభించినాము. ఆ సంఘములో మేము నేర్చినదియు, కొత్తవారికి నేర్పినదియు ఈ వ్యాసములో మనవి చేయుచున్నాము.

సంఘము పుట్టుటకు కారణము అంత సంతోషకరమైనది కాదు. మా తరగతి మిత్రుడొకరు పరీక్ష రుసుము గడువులోగా కట్టలేకపోయినారు. ఇంటివారు సొమ్ము ఇవ్వక కాదు. ఇచ్చిన పదునెనిమిది వేల రూపాయలు ఆయన చేతిలోని ఫోనులోనే తొమ్మిది రోజులలో కరగిపోయినవి. ఎవరో నడిపే ఒక సందేశాల గుంపులో ఉదయం వచ్చే సూచన చూచి ఆప్షన్లు కొనుట, సాయంత్రానికి అవి సున్నా అగుట, పోయినది రాబట్టుకొనుటకు మరునాడు మరల కొనుట. ఇదే జరిగినది. మేము నలుగురము చందాలు వేసికొని ఆయన రుసుము కట్టినాము. ఆ సాయంత్రం ఆయన మాతో అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉన్నది: "పోయినందుకు కాదు బాధ, నేను కొన్నది ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు." వాణిజ్యశాస్త్రము రెండవ సంవత్సరము చదువుచున్న విద్యార్థి ఆ మాట అన్నాడంటే అది మా అందరి చదువుకు సంబంధించిన లోపమే అని తోచినది.

కళాశాల పాలకవర్గ పెద్దలకు మా కోరిక విన్నవించినప్పుడు వారు మొదట సంశయించినారు. ఆ సంశయము న్యాయమైనదే. విద్యార్థుల సొమ్ము పోగుచేసి వాటాలు కొందురేమో, నష్టము వచ్చినచో తల్లిదండ్రులకు ఎవరు జవాబు చెప్పవలెనని వారి ప్రశ్న. నిజమునకు చట్టము కూడా వారి పక్షముననే ఉన్నది. యాభై మందికి మించి కూడి, రిజిస్టరు కాకుండ, లాభము కొరకు వ్యాపారము చేయుటను 2013 నాటి కంపెనీల చట్టము నిషేధించినది. పదిమంది సొమ్ము ఒకచోట చేర్చి వారి తరఫున ఒకరు నడిపే పథకాలకు సెబీ అనుమతి ఉండవలెనని 1999 నుండి నిబంధనలు ఉన్నవి. కావున మేము ఒక నియమము పెట్టుకొన్నాము. సంఘములో ఒక్క రూపాయి కూడా చేతులు మారదు. కొనుగోళ్లు, అమ్మకాలు అన్నియు చిట్టా పుస్తకములో ఊహామాత్రముగా వ్రాసికొనుటయే. ఎవరును ఎవరికిని "ఇది కొను, అది అమ్ము" అని చెప్పరాదు. ఆనాటి ధరలు కాక పాత ధరలతోనే పాఠము చెప్పవలెను. ఈ చివరి నియమము మొదట పిల్లలకు చప్పగా తోచినది. అయితే కేవలము బోధన చేయుచున్నామని చెప్పుకొనేవారు గడచిన మూడు నెలల ధరలను వాడరాదని 2025 జనవరిలో సెబీ స్వయముగా ప్రకటించిన తరువాత, మా చప్పదనమునకు కొంత గౌరవము లభించినది.

తొలి శనివారము పాఠము "వాటా" అనే మాటతోనే మొదలుపెట్టినాము. మా తరగతిలో సగము మంది ఉర్దూ మాధ్యమము నుండి, సగము తెలుగు మాధ్యమము నుండి వచ్చినవారు. పాఠ్యపుస్తకములోని పరిభాష ఇరుపక్షములకు సమానముగా కఠినము. కాని నల్లబల్లపై "హిస్సా" అని వ్రాయగానే తెలుగు విద్యార్థులు "ఇస్సా అంటే మాకు తెలుసు, పొలములో అన్నదమ్ముల ఇస్సా" అన్నారు. జమ, ఖర్చు, బాకీ, వసూలు, కిస్తు, దస్తావేజు: మన తెలంగాణములో లెక్కల భాష ఎన్నడో ఉమ్మడి ఆస్తి అయినది. ఆ ఉమ్మడి ఆస్తిలోనే వాటాకు నిర్వచనము దొరికినది. పొలములో ఇస్సా ఉన్నవానికి పంటలో ఇస్సా ఉన్నది, కరువులోను ఉన్నది. కంపెనీలో వాటా అనగా అంతే. అది అప్పు కాదు, కావున తిరిగి ఇచ్చెదనని ఎవరును వాగ్దానము చేయలేదు. అది చిట్టీ కాదు, కావున దానికి గడువు లేదు. కొత్తవాడలో జంపఖానాలు నేసే సహకార సంఘ సభ్యుని బిడ్డ ఒకరు మా తరగతిలో ఉన్నారు. సంఘములో తండ్రి పేరిట ఉన్న వాటాధనము సంగతి ఆమె చెప్పగానే, మిగిలినవారికి మా నిర్వచనముకంటె అదే సులభముగా అర్థమైనది. సహకార సంఘములో ఎన్ని వాటాలున్నను సభ్యునికి ఓటు ఒక్కటే, కంపెనీలో ఎన్ని వాటాలో అన్ని ఓట్లు. ఈ ఒక్క భేదము నుండి తక్కిన కథ అంతయు నడుచును.

ఆ కథకు మేము ఎన్నుకొన్న ఉదాహరణము మన నేలలోనే ఉన్నది. ఇల్లెందు ఒకప్పుడు వరంగల్ జిల్లాలోని ప్రాంతమే. అక్కడ బొగ్గు ఉన్నదని 1870 దశకపు ప్రారంభములో భూగర్భ పరిశోధన శాఖకు చెందిన డాక్టర్ కింగ్ కనుగొన్నారు. 1886లో నిజాం ప్రభుత్వము గనుల హక్కును వాట్సన్, స్టీవర్ట్ అనే ఇద్దరు ఆంగ్లేయులకు ధారాదత్తము చేసినది. వారు ఆ హక్కును లండనులో స్థాపించిన హైదరాబాద్ (డెక్కన్) కంపెనీకి అప్పగించినారు. కంపెనీ మూలధనము కాగితముపై పది లక్షల పౌన్లు. అయితే ఆ వాటాలలో అత్యధిక భాగము, హక్కును అప్పగించినందుకు ప్రతిఫలముగా, రొక్కము చెల్లింపకుండగనే ఆ హక్కుదారుల చేతికి పోయినది. గని త్రవ్వుటకు నిజముగా చేరిన సొమ్ము అందులో కొద్ది భాగము మాత్రమే. అదియుగాక నిజాం ప్రభుత్వము తరఫున ఈ వ్యవహారము నడిపిన అధికారి అబ్దుల్ హక్, తన చేతికి వచ్చిన వాటాలనే ప్రభుత్వమునకు అధిక ధరకు అంటగట్టినాడని ఆరోపణ వచ్చినది. 1888లో బ్రిటిష్ పార్లమెంటు దీనిపై ఒక విచారణ సంఘమును నియమించవలసి వచ్చినది. అబ్దుల్ హక్ పదవి కోల్పోయినాడు.

ఈ కథ చెప్పి మేము విద్యార్థులను ఒక ప్రశ్న అడిగినాము. 1886లో మీరు లండనులో పది పౌన్లు పెట్టి ఒక వాటా కొన్నారనుకొనుడు. మీ పది పౌన్లలో గనికి పోయినది ఎంత? ఒక విద్యార్థి వెంటనే "పదీ" అన్నాడు. రెండవవాడు కొంచెము ఆలోచించి, "సార్, నేను ఎవరి దగ్గర కొన్నాను?" అని ఎదురు ప్రశ్న వేసినాడు. సంవత్సరము మొత్తములో మేము విన్న ఉత్తమమైన ప్రశ్న అదియే. కంపెనీయే కొత్తగా వాటాలు జారీ చేసి అమ్మినచో సొమ్ము కంపెనీకి చేరును. ఇదివరకే వాటాలున్నవాడు తనవి అమ్ముకొన్నచో సొమ్ము వాని జేబులోనికి పోవును, గనికి ఒక పలుగు కూడా అదనముగా రాదు. నేడు ఏ కంపెనీ తొలిసారి ప్రజలకు వాటాలు అమ్మజూపినను, దాని వివరణపత్రములో కొత్త జారీ ఎంత, పాత వాటాదారులు అమ్ముకొనుచున్నది ఎంత అని వేరువేరుగా వ్రాసి ఉండును. మా సంఘ సభ్యులు ఇప్పుడు ఆ పుటనే ముందుగా వెదకుచున్నారు.

గని మాత్రము బ్రతికినది. ఇల్లెందులో 1889లో త్రవ్వకము మొదలైనది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీగా అది కొత్త పేరుతో, హైదరాబాదు రాజ్యపు చట్టము క్రింద ఏర్పడినది. 1945లో నిజాం ప్రభుత్వము అధిక సంఖ్యలో వాటాలు కొని దానిని స్వాధీనము చేసికొన్నది. నేడు నూటికి 51 వాటాలు తెలంగాణ ప్రభుత్వమువి, 49 కేంద్ర ప్రభుత్వమువి. "మరి సింగరేణి వాటా మేము కొనవచ్చునా?" అని భూపాలపల్లి నుండి వచ్చిన విద్యార్థులు ప్రతి సంవత్సరము అడుగుదురు కాబోలు, ఈ సంవత్సరమును అడిగినారు. కొనుటకు లేదు. వాటాలు ఉన్నంతమాత్రమున అవి బజారులో ఉండవలెనని లేదు. మన చుట్టు ఉన్న కంపెనీలలో అత్యధికము స్టాక్ ఎక్స్ఛేంజి గడప త్రొక్కనివే.

నష్టము గూర్చి చెప్పుటకు అంతకంటె దగ్గర ఉదాహరణము ఆజంజాహీ మిల్లు. 1934లో వెలసిన ఆ మిల్లు కూత విని లేచి, ఆ మిల్లు కూత విని అన్నము తిన్న కుటుంబాలు మా విద్యార్థులలో ఎన్నో. 1974లో జాతీయ జౌళి సంస్థ క్రిందికి వచ్చినది. ఈ శతాబ్దపు తొలి సంవత్సరాలలో మూతబడినది. కంపెనీ మూతబడినప్పుడు ఎవరికి ముందు ముట్టవలెను అనే వరుస చట్టములో ఉన్నది. కార్మికుల బాకీలు, తాకట్టుపై అప్పిచ్చినవారు ముందు. ఇతర అప్పులవారు తరువాత. వాటాదారు పంక్తిలో చిట్టచివర. ఏమైన మిగిలినచో వానికి, మిగులుట అరుదు. దీనికి ప్రతిగా వానికి ఒక రక్షణ కలదు: కంపెనీ అప్పులకు వాని ఇల్లు వేలము కాదు, పెట్టినది పోవును, అంతకు మించి పోదు. మిల్లు కార్మికుని మనుమడు ఒకడు ఈ పాఠము విని, "మరి ఇరువై ఏండ్ల చాకిరి పెట్టినవారి వాటా ఏ పుటలో వ్రాసినారు?" అని అడిగినాడు. దానికి మా దగ్గర జవాబు లేదు. పాఠ్యపుస్తకములోను లేదు.

ధర ఎట్లు పుట్టును అనే పాఠము తరగతి గదిలో చెప్పలేదు, ఎనుమాముల మార్కెట్టుకు పోయినాము. మిర్చి సీజనులో తెల్లవారగనే అక్కడ జెండా పాట పలుకును. అది ఆ దినపు మేలిరకము బస్తాకు పలికిన పై ధర. మరునాడు వార్తలలో వచ్చేది ఆ సంఖ్యయే. అయితే మేము నడచిన వరుసలలో జెండా పాట ధర ముట్టిన రైతు ఎవరును మాకు తగులలేదు. తేమ ఉన్నదని ఒకరికి, రంగు తగ్గినదని ఒకరికి కోత పడుచునే ఉన్నది. పైగా ఒకే ఊరి నుండి ఒకే బండిలో వచ్చిన రెండు కుప్పలకు ఉదయము ఒక ధర, మధ్యాహ్నము ఒక ధర. మిర్చి మారలేదు, కొనేవారి తొందర మారినది. వాటాల బజారులో జరిగేది సరిగా ఇదే. టెలివిజనులో పరుగెత్తే సంఖ్య చివరిగా కుదిరిన ఒక్క బేరము ధర మాత్రమే, మీ దగ్గర ఉన్న వెయ్యి వాటాలకును అదే ధర పలుకునని అది హామీ ఇవ్వదు. పైగా మిర్చిని ముట్టి చూడవచ్చును. కంపెనీని ముట్టి చూచుటకు దాని లెక్కలు తప్ప వేరే మార్గము లేదు.

మన హైదరాబాదులోను ఒక స్టాక్ ఎక్స్ఛేంజి ఉండెడిది. 1943 నవంబరులో మొదలై, 1958లో కేంద్ర ప్రభుత్వ గుర్తింపు పొంది, 2007 ఆగస్టులో ఆ గుర్తింపు కోల్పోయినది. దేశములో బేరాలన్నియు బొంబాయి, జాతీయ స్టాక్ ఎక్స్ఛేంజిల తెరలపైకి చేరిన తరువాత ప్రాంతీయ బజారులలో కొనేవారు, అమ్మేవారు ఎదురుపడుట మానినారు. దాని చరిత్ర వేరుగా వ్రాయదగినది.

లెక్కలు చదువుట అనే పాఠమునకు సత్యం కంప్యూటర్స్‌ను మించిన ఉదాహరణము తెలుగువారికి అక్కరలేదు. ఈ ఒక్క కంపెనీపై మేము అయిదు శనివారాలు గడపినాము. 2008 సెప్టెంబరులో సుపరిపాలనకు అంతర్జాతీయ పురస్కారము పొందిన కంపెనీ అది. అదే సంవత్సరము డిసెంబరు 16న, తన యజమాని కుటుంబమునకే చెందిన రెండు మేటాస్ కంపెనీలను 160 కోట్ల డాలర్లకు కొనెదనని ప్రకటించి, వాటాదారులు మండిపడగా గంటలలోనే వెనుకకు తీసికొన్నది. 2009 జనవరి 7న దాని అధ్యక్షుడు రామలింగరాజు డైరెక్టర్లకు లేఖ వ్రాసి, లెక్కలు కల్పితములని ఒప్పుకొన్నారు. మేము ఆ లేఖలోని అంకెలను నల్లబల్లపై వ్రాసి కూడమన్నాము. బ్యాంకులో ఉన్నదని చూపిన 5,361 కోట్లలో లేనిది 5,040 కోట్లు. రాని వడ్డీని వచ్చినట్లు చూపినది 376 కోట్లు. ఉన్న అప్పు దాచినది 1,230 కోట్లు. రావలసిన బాకీలను పెంచి చూపినది 490 కోట్లు. వెరసి 7,136 కోట్లు. అదే లేఖ ప్రకారము ఆ మూడు నెలలలో నిర్వహణ లాభము 649 కోట్లని ప్రకటించగా, నిజముగా వచ్చినది 61 కోట్లు.

అంకెలు కూడుట సులభము. ముందుగనే అనుమానపడుటకు ఆధారములు ఉన్నవా అనునదే అసలు అభ్యాసము. విద్యార్థులు మూడు సంగతులు పట్టుకొన్నారు. చేతిలో అయిదు వేల కోట్ల రొక్కము ఉన్న కంపెనీ దానిని వాటాదారులకు పంచదు, పెద్ద పనిలోను పెట్టదు, ఎందుకు? రెండవది, 2001లో నాలుగవ వంతు ఉన్న యజమాని కుటుంబపు వాటా 2008 నాటికి పదవ వంతుకంటె తక్కువకు దిగినది. తన కంపెనీపై తనకే నమ్మకము తగ్గినదా? మూడవది మేటాస్ బేరము: లేని రొక్కమునకు బదులుగా ఉన్న భూములను లెక్కలోనికి తెచ్చు యత్నమని ఆ లేఖయే తరువాత చెప్పినది. అయితే మేము ఇచ్చట ఒక మాట నిజాయితీగా ఒప్పుకొనవలెను. అంతయు తెలిసిన తరువాత వెనుకకు తిరిగి చూచి తెలివి ప్రదర్శించుట మాకు సులభమే. ఆడిటర్లు సంతకము చేసిన లెక్కలను ఒక డిగ్రీ విద్యార్థి ఆనాడు పట్టుకొనెడివాడని మేము అనలేము. మా పాఠము అందుకు కాదు. ఎంత గొప్ప పేరున్నను ఒక్క కంపెనీలో సర్వస్వము పెట్టరాదని చెప్పుటకు ఈ అంకెలకంటె బలమైన వాదము మాకు దొరకలేదు. ఆ జనవరి 7న సుమారు 179 రూపాయల వాటా 40 రూపాయలకు పడినది. నూరు వాటాలున్నవానికి 17,900 రూపాయలు సాయంత్రానికి 4,000. ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా వాటా ఒకటికి 58 రూపాయల చొప్పున ఆ కంపెనీని చేజిక్కించుకొన్నది. 2013లో విలీనమైనప్పుడు 17 సత్యం వాటాలకు 2 టెక్ మహీంద్రా వాటాలు ఇచ్చినారు. నూటికి ఎన్ని? పదకొండు, చిల్లర. 2015 ఏప్రిల్‌లో న్యాయస్థానము శిక్షలు విధించినది.

మదుపు సంఘములు మనము కనిపెట్టినవి కావు. అమెరికాలో అవి వందేండ్లకు పైబడిన ఆచారము. అందులో బియర్డ్స్‌టౌన్ అనే చిన్న ఊరి మహిళల సంఘము కథ మా కోశాధికారిని ఒక గండము నుండి తప్పించినది. పెద్ద వయస్సు గల ఆ మహిళలు సంవత్సరమునకు నూటికి 23.4 లాభము సాధించినామని 1994లో ఒక గ్రంథము వెలువరించి ప్రపంచ ప్రసిద్ధి పొందినారు. 1998లో ఒక పత్రిక ఆ లెక్కను ప్రశ్నించగా, తిరిగి తనిఖీ చేయించినారు. అసలు సంఖ్య 9.1. మోసము కాదు, పొరపాటు. నెలనెలా సభ్యులు కట్టిన చందాను కూడా పెరుగుదలలో కలిపినారు.

మేము నవ్వినాము, ఆపైన మా చిట్టా తీసి చూచినాము. మా ఊహా ఖాతా 10,000 రూపాయలతో మొదలైనది. పదిమంది నెలకు నూరు చొప్పున, ప్రతి నెల ఆరంభములో వేయి రూపాయలు చేర్చినట్లు వ్రాసికొన్నాము. సంవత్సరాంతమున నిలువ 23,100. కోశాధికారి వార్షిక నివేదికకు సిద్ధపరచిన వాక్యము: "మన సొమ్ము నూటికి 131 చొప్పున పెరిగినది." నిజమునకు మేము చేర్చినది 22,000, పెరిగినది 1,100. పోనీ 22,000 పై 1,100 అనగా నూటికి అయిదా? అదియు కాదు. చివరి వేయి రూపాయలు ఒక్క నెలయే పనిచేసినవి. మొదటి నెల వేయి పన్నెండు నెలలు, రెండవది పదకొండు, ఇట్లు కూడినచో 78 నెలలు. పన్నెండుతో భాగింపగా సంవత్సరము పొడుగున సగటున పనిచేసిన అదనపు సొమ్ము 6,500. మొదటి పది వేలు కలుప 16,500. దానిపై 1,100 అనగా నూటికి 6.67. కోశాధికారి పేరు ఇచ్చట వ్రాయము. ఆయనే ఇప్పుడు కొత్తవారికి ఈ లెక్క చెప్పుచున్నారు, మాకంటె బాగా చెప్పుచున్నారు.

మా కళాశాలలో సహజముగా వచ్చే ప్రశ్న మరొకటి కలదు. వడ్డీ నిషిద్ధమని నమ్మే కుటుంబములోని విద్యార్థి వాటాలు కొనవచ్చునా? లాభనష్టములు రెండింటిలోను పాలుపంచుకొను భాగస్వామ్యము ఇస్లామీయ వాణిజ్య సంప్రదాయములో ప్రాచీనమైనదే; ముషారకా, ముదారబా అనే పద్ధతులు ఉర్దూ విద్యార్థులకు మాకంటె ముందే తెలుసును. చిక్కు వచ్చేది కంపెనీ చేసే వ్యాపారముతోను, అది తెచ్చే వడ్డీ అప్పుతోను. ఈ కొలతలను బట్టి కంపెనీలను వడగట్టిన ఒక సూచీని బొంబాయి స్టాక్ ఎక్స్ఛేంజి 2010 డిసెంబరులో ప్రారంభించినది. అప్పు ఎంతకు మించరాదు అనుదానిపై పండితులలో ఏకాభిప్రాయము లేదు. తీర్పు చెప్పుట మా పని కాదు, అది ఎవరి ఆలిములను వారు అడిగి తెలిసికొనవలసినది. కాని ఆ ప్రశ్న వలన ఒక మేలు కలిగినది. అప్పుకు, ఆస్తికి నిష్పత్తి కట్టుట ఆ విద్యార్థులే అందరికంటె ముందు నేర్చినారు. అదే "హలాల్" అను మాటను బోర్డుపై వ్రాసి నెలకు ఇంత ఖాయమని సొమ్ము వసూలు చేసేవారిని గూర్చి కూడా హెచ్చరించినాము. నష్టములో పాలు లేని ఖాయపు లాభము భాగస్వామ్యము ఎట్లగును?

ఇక మా మిత్రుడు పోగొట్టుకొన్న ఆప్షన్ల విషయము. ఒక నిర్ణీత దినము లోగా ఒక ధరకు కొనే, లేక అమ్మే హక్కును కొంత సొమ్ము చెల్లించి తీసికొనుటయే ఆప్షన్. ఆ దినము దాటినచో హక్కు చెల్లదు, సొమ్ము తిరిగి రాదు. పంట ధర పడిపోవునేమో అని జంకే వర్తకునికి అది బీమావంటిది. పంటయే లేనివానికి అది పందెము. ఈ మాట మేము ఊహించి చెప్పుట లేదు. 2021-22 నుండి 2023-24 వరకు మూడు సంవత్సరాలలో ఈ బేరాలు చేసిన వ్యక్తులలో నూటికి 93 మంది నష్టపోయినారని, వారి మొత్తము నష్టము 1.8 లక్షల కోట్ల రూపాయలకు మించినదని 2024 సెప్టెంబరులో సెబీ ప్రకటించినది. ఆ బేరగాండ్రలో 30 ఏండ్ల లోపువారు 2022-23లో నూటికి 31 కాగా మరుసటి సంవత్సరము 43. ఈ అంకెలు మా మిత్రుడే స్వయముగా నల్లబల్లపై వ్రాసి చదివినారు. చదివి, నూటికి ఆ ఏడుగురు ఎవరో తెలిసికొనవలెనని ఇంకను ఉన్నదని నవ్వుచు అన్నారు. ఆ కోరిక మాలో చాలమందికి ఉన్నది. దానిని తరగతిలో దాచిపెట్టి లాభము లేదని మా అభిప్రాయము.

ఖాతా తెరచుట వంటి ఆచరణ విషయములపై కొద్దిగానే చెప్పినాము. 1996లో వాటాలను కాగితము లేకుండ భద్రపరచు సంస్థ వచ్చిన నాటి నుండి డీమ్యాట్ ఖాతా వాడుకలోనికి వచ్చినది. స్వయముగా ఖాతా తెరచుటకు పదునెనిమిది ఏండ్లు నిండవలెను, పాన్ కార్డు కావలెను, నామినీ పేరు వ్రాయుట మేలు. ఫోనుకు వచ్చే రహస్య సంఖ్యను ఎవరికిని చెప్పరాదు. సూచన ఇచ్చేవాడు సెబీలో నమోదైనవాడా అని ముందు చూచుకొనవలెను.

నామినీ సంగతి చెప్పిన రోజుననే మా విద్యార్థిని ఒకరు ఇంటి నుండి ఒక పాత కవరు తెచ్చినారు. ఆమె తాతగారు మిల్లు కార్మికుడు, మరణించి పదునైదు ఏండ్లు దాటినది. ఆయన ట్రంకు పెట్టెలో అడుగున, రేషను కార్డుల నడుమ, ఒక కంపెనీ వాటాపత్రాలు రెండు దొరికినవి. ఆయన అవి ఎప్పుడు, ఎవరి మాట విని కొన్నారో ఇంటిలో ఎవరికిని తెలియదు. మేము నియమములు వెదకినాము. కాగితపు వాటాలను కాగితముగనే మరొకరికి బదిలీ చేయుట 2019 ఏప్రిల్ నుండి ఆగిపోయినది. ఏడు సంవత్సరాలు వరుసగా డివిడెండు తీసికొననిచో ఆ వాటాలు కేంద్ర ప్రభుత్వపు మదుపరుల నిధికి పోవును, అయితే వారసులు అడిగి తిరిగి పొందవచ్చును. అందుకు మరణ ధృవపత్రము, వారసత్వ పత్రము, అందరు వారసుల సమ్మతి, నానమ్మగారి పేరిట డీమ్యాట్ ఖాతా కావలెను. పాత పత్రములో తాతగారి పేరు ఒక విధముగా, ఆధార్‌లో ఒక విధముగా ఉన్నది. దానికి వేరే ప్రమాణ పత్రము. ఈ కాగితములన్నియు సిద్ధపరచుటకు మా సంఘమునకు నాలుగు నెలలు పట్టినది. ఉర్దూ తెలిసినవారు పాత దస్తావేజులు చదివినారు, తెలుగువారు తహసీలు కార్యాలయమునకు తిరిగినారు. గడచిన నెల ఇరువది రెండవ తేదీన రిజిస్టరు తపాలాలో అవి పంపినాము. రసీదు మా చిట్టా పుస్తకము మొదటి పుటలో అంటించి ఉన్నది. జవాబు ఇంకను రాలేదు.